ఇంజన్ లేని లోడ్ దానంతట అదే ఎలా కదులుతుంది? మావారు పాయింట్స్‌మన్, తెలిసినవాళ్లు చెప్పండి

పాయింట్స్‌మన్ భార్య, గుంటూరు

అందరికీ నమస్కారం. మాది గుంటూరు పక్కన పల్లె. మావారు రైల్వేలో పాయింట్స్‌మన్, పట్టాలు మార్చడం, బోగీలు తగిలించడం, విప్పడం ఆయన పని. చేరి మూడేళ్లయింది. స్టేషన్ పేరు రాయడం లేదు, ఏమీ అనుకోకండి.

పదకొండు రోజుల కిందట నైట్ డ్యూటీ చేసి పొద్దున తొమ్మిదికి ఇంటికొచ్చారు. చొక్కా ఎడమ భుజం మీద అరచేయంత గ్రీజు మరక, గుడ్డ చిరిగి ఉంది. లోపల చర్మం గీరుకుపోయి నెత్తురు ఎండిపోయింది. ఏమైందంటే కంకర మీద జారానన్నారు. స్నానం చేసి పడుకున్నారు. ఇడ్లీ పెడితే ముట్టుకోలేదు. మర్నాడూ అంతే. మా చిన్నది ఒళ్లో ఎక్కబోతే భుజం నొప్పని దించేశారు, ఆయన ఎప్పుడూ అలా చేసే మనిషి కాదు.

మూడో రోజు ఆయనతో పనిచేసే అన్నయ్య భార్య ఫోన్ చేసి అసలు సంగతి చెప్పింది. ఆ రాత్రి బొగ్గు లోడ్ ఒకటి, అంటే బొగ్గు వ్యాగన్ల బండి, మెయిన్ లైన్ పక్కనుండే లూప్ లైన్‌లోకి వచ్చిందట. డ్రైవర్ల డ్యూటీ టైమ్ అయిపోవడంతో లోడ్ అక్కడే పెట్టేసి ఇంజన్ పంపించమన్నారట. మావారు హోస్ పైపులు విప్పి, కప్లింగ్ తీశారు. ఇంజన్ ఒక బారెడు ముందుకు జరిగి ఆగింది. వేలాడుతున్న పైపును హుక్కుకు తగిలిద్దామని ఆయన మళ్లీ లోపలికి వంగారు. అంతలో లోడ్ వెనక నుంచి వచ్చింది. ఇంజన్ లేదు, ఎవరూ నెట్టలేదు, చప్పుడు కూడా లేదట. ఈయన ఉన్నచోటే కిందికి కూలబడి పట్టాల మధ్య బోర్లా పడుకున్నారు. ఏదో ఇనుప ముక్క భుజాన్ని గీరుకుంటూ పోయింది. లోడ్ వెళ్లి ఇంజన్‌కు తగిలి ఆగిందట.

ఇప్పుడు ఆయన్నే ఎక్స్‌ప్లనేషన్ రాసివ్వమన్నారు. లోడ్ దొర్లకుండా చక్రాల కింద అడ్డంపెట్టే స్కిడ్లు ఎందుకు పెట్టలేదని. ఆ రాత్రి స్టేషన్‌లో ఉన్నవే రెండు స్కిడ్లు, అవి అప్పటికే ఇంకో లైన్‌లో ఉన్న వ్యాగన్ల కింద ఉన్నాయని ఆ అక్క చెప్పింది. ఈయనేమో రాత్రిళ్లు లేచి కూర్చుని కాగితం మీద రెండు లైన్లు రాయడం, చింపేయడం. నాతో మాట్లాడరు.

ఇంజన్ లేని లోడ్ ఎలా కదులుతుంది? ఇది ఆయన తప్పేనా? నిజం తెలిస్తే నాకు ఆయనతో ఏం మాట్లాడాలో తెలుస్తుంది. ఇంకోటి, రాత్రిళ్లు ప్రతి బండికీ పచ్చ లైటు పట్టుకుని ట్రాక్ పక్కన నిలబడాలని, హాట్ యాక్సిల్ చూడాలని అంటుంటారు. అది కూడా ఇంత ప్రమాదమేనా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

ఆంధ్రా ట్రైన్స్ 72

టెన్షన్ పడకండి మేడమ్. ఏ ఉద్యోగంలో రిస్క్ లేదు చెప్పండి. జాగ్రత్తగా ఉంటే ఏమీ కాదు. సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగం ఎంతమందికి దొరుకుతుంది.

రిటైర్డ్ గార్డు, బెజవాడ

అమ్మా, మీ పోస్టు రాత్రి చదివాను, మళ్లీ పొద్దున చదివాను. నేను 31 ఏళ్లు రైల్వేలో చేసి రిటైరయ్యాను, అందులో ఎక్కువ కాలం గూడ్స్ గార్డుగానే. 2022 నుంచి ఆ పోస్టును ట్రైన్ మేనేజర్ అంటున్నారు. సత్యనారాయణపురంలో ఉంటాను, రాత్రి పడుకుంటే ఇప్పటికీ యార్డులో బోగీలు కలిపే షంటింగ్ చప్పుడు వినిపిస్తుంది.

పైన ఒకాయన జాగ్రత్తగా ఉంటే ఏమీ కాదన్నారు. మీ ఆయన జాగ్రత్తగానే ఉన్నాడు. ఆ క్షణంలో పక్కకు దూకబోకుండా కిందికి కూలబడ్డాడు చూశారా, అది భయపడినవాడు చేసే పని కాదు. పక్కకు దూకబోయినవాళ్లు కప్లింగ్‌కు దొరికిపోతారు. 2024 నవంబర్ 9న బీహార్‌లో బరౌనీ స్టేషన్‌లో ఒక షంటింగ్ ఉద్యోగి ఇంజన్‌కూ బోగీకీ మధ్య నలిగి చనిపోయాడు. ఆ ఫొటో దేశమంతా చూసింది. నేను ఒక్కసారి చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను. మీ ఆయన నిలబడింది సరిగ్గా ఆ జాగాలోనే.

ఇంజన్ లేని లోడ్ ఎలా కదులుతుందన్నారు. చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

గూడ్స్ బండికి బ్రేక్ వేసేది గాలి అని అందరూ అనుకుంటారు. బ్రేక్ వదిలించేది కూడా గాలే. ఇంజన్ నుంచి చివర గార్డు ఉండే బ్రేక్‌వ్యాన్ దాకా బండి పొడవునా ఒక పైపు ఉంటుంది, దాన్ని బ్రేక్ పైపు అంటాం. అందులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ప్రెషర్ ఉన్నంతసేపు బ్రేకులు వదిలి ఉంటాయి. ఆ ప్రెషర్ పడిపోతే ప్రతి వ్యాగన్ కింద ట్యాంకులో దాచిపెట్టిన గాలి సిలిండర్‌లోకి వెళ్లి బ్రేక్ బ్లాకులను చక్రాలకేసి నొక్కుతుంది. నడిచే బండి మధ్యలో తెగిపోయినా రెండు ముక్కలూ వాటంతట అవే ఆగేది అందుకే. చాలా మంచి ఏర్పాటు, నా ప్రాణం రెండుసార్లు కాపాడింది.

కానీ ఇంజన్ విప్పేశాక కొత్త గాలి రాదు. ట్యాంకులో ఎంతుందో అంతే. రబ్బరు వాషర్లు అరిగినచోట, పైపు జాయింట్ల దగ్గర సన్నగా కారిపోతూ ఉంటుంది. ఒక వ్యాగన్ రాత్రంతా పట్టుకుంటుంది, పక్కనున్న వ్యాగన్ రెండు గంటల్లో వదిలేస్తుంది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా నిలబడి ఉంటాయి. అందుకే ఇంజన్ తీసిన లోడ్‌ను గాలి మీద నమ్మి వదలకూడదు. హ్యాండ్ బ్రేకులు బిగించాలి, చక్రాల కింద స్కిడ్లో చెక్క వెడ్జీలో పెట్టాలి, గొలుసు వేసి తాళం వేయాలి.

మీ ఆయన విషయంలో అన్ని గంటలు గడవలేదు, ఇంజన్ విప్పిన నిమిషంలోనే కదిలింది. అలా కావడానికి నాకు తెలిసి రెండు దారులున్నాయి. ఒకటి, యాంగిల్ కాక్, అంటే పైపు చివర గాలిని ఆపే కుళాయి లాంటిది. పైపు విప్పేముందు ఇంజన్ వైపూ లోడ్ వైపూ ఉన్న కాక్‌లు మూస్తారు. డ్రైవర్ ముందుగా ప్రెషర్ మొత్తం దించేసి, బ్రేకులు పడ్డాక కాక్ మూస్తే ఇబ్బంది లేదు. ప్రెషర్ లోపల ఉండగానే లోడ్ వైపు కాక్ మూసేస్తే ఆ గాలి లోపలే బందీ అయిపోతుంది. అంటే బ్రేకులు పడనే పడవు. యాభై ఎనిమిది వ్యాగన్లు ఏ పట్టూ లేకుండా నిలబడి ఉంటాయి. రెండోది కప్లింగులు. ప్రతి కప్లింగ్ వెనకా స్ప్రింగులుంటాయి. బండి ఆగేటప్పుడు వెనక వ్యాగన్లు ముందువాటి మీదికి ఒత్తుకుని ఆ స్ప్రింగులన్నీ నొక్కుకుపోతాయి. ముందున్న ఇంజన్ పక్కకు జరగ్గానే అవి సాగుతాయి. ఒక్కో చోట కొన్ని అంగుళాలే. అవన్నీ కలిస్తే ముందు వ్యాగన్ రెండడుగులు రావడం పెద్ద విషయం కాదు. చప్పుడు లేకుండా వచ్చిందన్నారు కదా, అది కూడా సరిపోతోంది. ఇంజన్ లాగినప్పుడు టకటకమని కప్లింగులు మోగుతాయి. దానంతట అది జారే లోడ్ మోగదు.

పైగా నేల చూడండి. కంటికి కనిపించకపోయినా ప్రతి స్టేషన్ లైన్‌కూ కాస్త వాలు ఉంటుంది. 400 అడుగులకు ఒక్క అడుగు వాలు ఉందనుకోండి. ఐదు వేల టన్నుల బొగ్గు లోడ్‌ను ఆ వాలు పన్నెండు టన్నుల పైచిలుకు బలంతో కిందికి లాగుతుంది. ఇప్పటి వ్యాగన్లకు రోలర్ బేరింగులు, పాతకాలం వాటిలా కదలడానికి మొరాయించవు. గాలికి కూడా కదులుతాయి. 2023 జూన్‌లో, బాలాసోర్ ప్రమాదం జరిగిన వారం లోపే, ఒడిశాలోని జాజ్‌పూర్ కియోంఝర్ రోడ్ స్టేషన్‌లో కూలీలు గాలివానకు తట్టుకోలేక ఆగి ఉన్న గూడ్స్ కిందికి దూరారు. దానికి ఇంజన్ లేదు. ఈదురుగాలికి వ్యాగన్లు కదిలాయి, ఆరుగురు చనిపోయారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 25న జమ్మూ వైపు కఠువాలో డ్రైవర్ లేని గూడ్స్, 53 వ్యాగన్ల కంకర లోడ్, వాలు పట్టుకుని పంజాబ్‌లోకి 70 కిలోమీటర్లకు పైగా పరుగెత్తింది. ఉంచి బస్సీ దగ్గర ఇసుక బస్తాలు, చెక్క దిమ్మలు అడ్డం పెట్టి ఆపారు. అన్నింటికంటే ఘోరం కెనడాలో 2013 జూలై 6న జరిగింది. 72 ట్యాంకర్ల చమురు బండి, రాత్రి ఒక్కడే డ్రైవర్ ఏడు హ్యాండ్ బ్రేకులు వేసి పడుకోవడానికి వెళ్లాడు. ఆ తర్వాత మొదటి ఇంజన్‌లో మంటలొస్తే వాటిని ఆర్పినవాళ్లు ఇంజన్ కూడా ఆపేశారు. కంప్రెసర్ ఆగింది, గాలి కారిపోయింది, ఏడు హ్యాండ్ బ్రేకులు చాలలేదు. బండి లాక్ మెగాంటిక్ అనే ఊళ్లోకి దొర్లుకుంటూ వచ్చి పేలింది. 47 మంది పోయారు.

ఇవన్నీ మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదమ్మా. ఆగిన లోడ్ కదలడం వింత కాదని, మీ ఆయన ఊహించుకున్నది కాదని చెబుతున్నాను.

నాకు జరిగింది కూడా చెప్పాలి. 1997 వర్షాకాలం. ఒక చిన్న స్టేషన్, లూప్‌లో నా లోడ్. ఇంజన్ను వేరే బండికి తీసుకుపోయారు. నేను బ్రేక్‌వ్యాన్‌లో ఉన్నాను. అది నాలుగు చక్రాల డబ్బా, లైటు లేదు, చేతిలో టార్చి. బయట సన్నగా తుంపర. పెరుగన్నం డబ్బా మూత తీశాను. కింద ఎక్కడో ఉస్సుమని సన్నని చప్పుడు, ఆ వెంటనే ఠక్కున ఒక్క దెబ్బ. సిలిండర్‌లో పిస్టన్ వెనక్కి వెళ్లిన చప్పుడది. పోనీలే ఒక వ్యాగన్ వదిలింది అనుకున్నాను. ఇంకోటి ఠక్కుమంది. ఇంకోటి. తలెత్తి కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఉన్న దీపస్తంభం కిటికీ చట్రానికి ఈ పక్కన ఉండాల్సింది మధ్యలోకి వచ్చింది. కాసేపటికి ఆ పక్కకు పోయింది. స్తంభం కదలదు కదా.

అన్నం డబ్బా ఎక్కడ పడేశానో గుర్తులేదు. వ్యాన్ హ్యాండ్ బ్రేక్ చక్రం బిగుసుకునేదాకా తిప్పి కిందికి దూకాను. వ్యాగన్ పక్కన కింద ఉంటుంది హ్యాండ్ బ్రేక్ చక్రం, లారీ స్టీరింగ్ అంత. మొదటిది తిప్పితే తిరుగుతూనే ఉంది. లోపల పిన్ను లేదు, చక్రం గాలిలో తిరుగుతోంది. రెండోది తుప్పు పట్టి కదల్లేదు. మూడోది పట్టింది. నాలుగోది పట్టింది. లోడ్ పక్కన నడుస్తూ తిప్పుతున్నాను, అంత నెమ్మదిగా పోతోంది అది, మనిషి నడక. అవతలి చివర పాయింట్స్‌మన్ చెక్క వెడ్జీ తెచ్చి పట్టా మీద పెట్టాడు. చక్రం దాన్ని తోసేసింది. మళ్లీ తీసి, ఈసారి జారిపోకుండా చేత్తో ఆనించి పట్టుకున్నాడు. లోడ్ ఆగింది. నేను అక్కడికి చేరేసరికి అతను పట్టా పక్కన కూర్చుని కుడిచేతిని తువ్వాలులో చుట్టుకుంటున్నాడు. ఏమయ్యా అంటే, ఆగింది కదా గార్డు గారూ అన్నాడు. రెండు వేళ్లు లేవు.

అవతల మెయిన్ లైన్ మీదికి పట్టాలు మారే పాయింట్లకు ఆ మొదటి చక్రం ఇంకా రెండు వ్యాగన్ల దూరంలో ఉంది. ఇరవై నిమిషాల్లో ఆ మెయిన్ లైన్ మీద ప్యాసింజర్ బండి వెళ్లింది. అందులో ఎవరికీ ఏమీ తెలియదు.

అతన్ని కూడా ఎక్స్‌ప్లనేషన్ అడిగారు. వెడ్జీలు ముందే ఎందుకు పెట్టలేదని. నన్నూ అడిగారు. అప్పుడు నేను చేసిన తప్పు ఇప్పటికీ బాధపెడుతుంది. పనిచేయని హ్యాండ్ బ్రేకుల సంగతి గట్టిగా రాయలేదు. పెద్దవాళ్లతో గొడవెందుకని 'వర్షం వల్ల' అని రాసి సరిపెట్టాను. అతని కాగితానికి నా కాగితం తోడు నిలబడి ఉండాల్సింది. నిలబడలేదు.

అందుకే మీ ఆయనకు చెప్పండి. కాగితం చింపొద్దు. జరిగింది జరిగినట్టు, టైములతో రాయమనండి. లోడ్ ఎన్నింటికి వచ్చింది, ఇంజన్ తీయమని ఎవరు ఎన్నింటికి చెప్పారు, ప్రెషర్ దించినట్టు డ్రైవర్ చెప్పాడా లేదా, స్టేషన్‌లో మొత్తం స్కిడ్లు ఎన్ని, అవి ఆ టైముకు ఏ లైన్‌లో ఏ వ్యాగన్ కింద ఉన్నాయి. హ్యాండ్ బ్రేకులు ఎన్ని తిప్పాడు, ఎన్ని పట్టాయి. జనరల్ రూల్స్‌లో 5.23 అని ఒక రూలుంది. స్టేషన్‌లో నిలిపిన వాహనాలు సరిగా కట్టుదిట్టంగా ఉన్నాయో లేదో స్టేషన్ మాస్టర్ చూసుకోవాలంటుంది. ఎవరి మీదో నెట్టమని కాదు. ఈ బాధ్యత పాయింట్స్‌మన్ ఒక్కడి నెత్తిన లేదని రూలే చెబుతోంది, అంతే. ఇవ్వబోయే ముందు యూనియన్ ఆఫీసులో ఎవరైనా పెద్దమనిషికి చూపించి ఇవ్వమనండి, ఒక కాపీ సంతకం పెట్టించుకుని ఇంట్లో దాచండి.

భుజం డాక్టరుకు చూపించారా? డ్యూటీలో తగిలిన దెబ్బగా రైల్వే ఆసుపత్రిలో నమోదు కావాలి. జారిపడ్డానని రాయించొద్దు.

సి అండ్ డబ్ల్యూ టెక్నీషియన్

గార్డు గారు చెప్పాల్సినవన్నీ చెప్పారు. నేను క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో వ్యాగన్ల కింద పనిచేసేవాణ్ణి, బ్రేకుల సంగతి రెండు మాటలు కలుపుతాను. హ్యాండ్ బ్రేక్ తిప్పగానే పట్టిందనుకోవద్దు. వంగి, బ్లాక్ చక్రానికి ఆనిందో లేదో టార్చి వేసి చూడాలి. వాటి దాకా మా చేతులు వచ్చేసరికే లోడ్ బయల్దేరే టైమ్ అయిపోతుంటుంది. గాలి బ్రేక్ పట్టకపోతే బండికి ఫిట్ సర్టిఫికెట్ రాదు, అదే ముందు చూస్తాం. హ్యాండ్ బ్రేక్ వంతు చివర్లో వస్తుంది. ఇది మా వైపు లోపమే, ఒప్పుకుంటున్నాను.

చెల్లెమ్మా, హాట్ యాక్సిల్ అడిగారు. చక్రం ఇరుసు చివర బేరింగ్ పాడైతే అది తిరిగేకొద్దీ వేడెక్కుతుంది. మొదట గ్రీజు కారి చక్రం మీద నల్లగా చిమ్ముతుంది, తర్వాత కాలిన వాసన, పొగ, రాత్రయితే ఎర్రగా కనిపిస్తుంది. అప్పటికీ ఆపకపోతే ఇరుసు తెగిపోతుంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఈస్ట్ పాలస్తీన్ అనే ఊరి దగ్గర 2023 ఫిబ్రవరి 3 రాత్రి ఇదే జరిగింది. దారిలో వేడిని కొలిచే యంత్రాలున్నాయి. రెండు చోట్ల వేడి పెరుగుతున్నట్టు చూపించినా బండి ఆపాల్సినంత హద్దు దాటలేదు. మూడోదాని దగ్గర అలారం మోగేసరికి బేరింగ్ పనైపోయింది. 38 వ్యాగన్లు పడిపోయాయి, అందులో విషరసాయనాల ట్యాంకర్లు. మన దగ్గర కూడా అలాంటి యంత్రాలు పెడుతున్నారు. అవి లేనిచోట మీ ఆయన కళ్లూ ముక్కే ఆ యంత్రం. ఆయన లైటు పట్టుకుని నిలబడటం వెనక ఎంత పనుందో ఆ బండిలో ఉన్న డ్రైవర్లకు తెలుసు.

ప్రమాదమేనా అంటే, అవును. తలుపు గొళ్లెం సరిగా పడని వ్యాగన్లు వస్తాయి, తలుపు రెక్క బయటికి ఊగుతూ పోతుంది. తెగిన తాళ్లు, వేలాడే గొలుసులు, పెళ్లల్లా రాలే బొగ్గు. ట్రాక్‌కు ఎంత దూరం నిలబడే వీలుంటే అంత దూరం నిలబడి, వచ్చే బండికి ఎదురుగా మొహం పెట్టి చూడమనండి. దాటిపోయే బండిని వెనక నుంచి చూద్దామని దగ్గరికి జరగొద్దు.

కీమన్ కూతురు

నేను ఈ విషయాల గురించి చెప్పేంత దాన్ని కాదు, నాన్న కీమన్, పట్టాల బిగింపులు చూసే ఉద్యోగి. పొద్దున్నే భుజాన సుత్తి, స్పానర్ వేసుకుని తన బీటు మొత్తం నడుస్తారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి రాయనపాడు స్టేషన్ మునిగినప్పుడు, నాలుగు రోజులు ఇంటికి రాలేదు. ఫోన్ చేస్తే నీళ్ల చప్పుడే వినిపించేది.

అక్కా, జాగ్రత్తగా ఉంటే ఏమీ కాదన్న మాట మా ఇంట్లో కూడా చుట్టాలు అంటుంటారు. ఆ మాట వింటే నాన్న మౌనంగా అయిపోతారు. ఏదైనా జరిగితే అది తన జాగ్రత్త చాలకపోవడమే అని ముందే తీర్పు ఇచ్చేసినట్టు ఉంటుంది కదా. మీ ఆయన మాట్లాడకపోవడం మీ మీద కోపం కాదు. మా నాన్న కూడా ఒకసారి బ్రిడ్జి మీద బండికి దొరకబోయి తప్పించుకున్నప్పుడు నెల రోజులు మాట్లాడలేదు. మా అమ్మ ఏమీ అడగలేదు, రోజూ రాత్రి పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచేది. ఒక రోజు ఆయనే మొదలుపెట్టారు.

పాయింట్స్‌మన్ భార్య, గుంటూరు

అందరికీ చాలా థాంక్స్. బాబాయ్ గారూ, మీరు రాసింది నిన్న రాత్రి పిల్ల పడుకున్నాక ఆయనకు చదివి వినిపించాను. మొదట వద్దన్నారు. ఆ 1997 సంగతి దగ్గరికి వచ్చేసరికి లేచి కూర్చున్నారు. రెండు వేళ్లు లేవు అన్నచోట నా చేతిలోంచి ఫోన్ తీసుకుని తనే చదువుకున్నారు.

తర్వాత చెప్పారు. ఆ రాత్రి డ్రైవర్ ప్రెషర్ దించానని వాకీటాకీలో చెప్పాడట. కానీ పైపు విప్పినప్పుడు గాలి ఇంకా గట్టిగా కొట్టిందట, హోస్ పాములా ఎగిరి మోకాలికి తగిలింది. అప్పుడే అనుమానం వచ్చిందట. ఇంకో బండి వెనకాల ఆగి ఉంది, త్వరగా కానివ్వమని బండ్లు నడిపించే కంట్రోల్ ఆఫీసు నుంచి ఒకటే ఫోన్లు. అందుకని ఏమీ అనలేదట. ఇన్ని రోజులు ఆయన్ని తినేస్తున్నది అదే. నేను ఆపమని ఎందుకు అనలేదు, ఎందుకు అనలేదు అని చాలాసేపు అదే మాట.

హ్యాండ్ బ్రేకులు ఇంజన్ తీశాక వేద్దామనుకున్నారట, ముందు వేయలేదు. అది రాయాలా వద్దా అని అడుగుతున్నారు. ఇవాళ రైల్వే ఆసుపత్రికి వెళ్లాం. ఎముకకు ఏమీ కాలేదన్నారు. డ్యూటీలో దెబ్బ అని రాయించాం.

రిటైర్డ్ గార్డు, బెజవాడ

రాయమనండి. హ్యాండ్ బ్రేకులు ముందు వేయలేదని ఒక్క వాక్యంలో రాయాలి. దాని పక్కనే గాలి గట్టిగా కొట్టిన సంగతి, ఫోన్ల సంగతి కూడా రాయాలి. మన తప్పు దాచి ఎదుటివాళ్ల తప్పు రాస్తే ఆ కాగితానికి విలువ ఉండదు. మన తప్పొక్కటే రాసి మిగతావి మింగేస్తే రేపు ఇంకో పిల్లవాడు అదే జాగాలో నిలబడతాడు, అక్కడ అవే రెండు స్కిడ్లు ఉంటాయి.

ఇకమీదట వరస మార్చుకోమనండి. ముందు హ్యాండ్ బ్రేకులు. మేము రెండు చివర్లా ఆరేసి వ్యాగన్లకు వేసేవాళ్లం. తర్వాత స్కిడ్లు. ఆ తర్వాతే పైపులు, కప్లింగ్. ఇంజన్ జరిగాక వేలాడే పైపు కోసం వెంటనే లోపలికి వెళ్లకూడదు. ఇంజన్ బాగా దూరం పోనివ్వాలి, పక్కనే నిలబడి లోడ్ చక్రం మీద చాక్‌పీసుతో ఒక గీత, దాని కింద పట్టా మీద ఒక గీత గీయాలి. ఐదు నిమిషాలు చూడాలి. రెండు గీతలూ ఎదురెదురుగా ఉంటేనే లోపలికి. 1997 తర్వాత నా జేబులో చాక్‌పీసు లేని డ్యూటీ లేదు. గాలి గట్టిగా కొడితే పైపు వదిలేసి బయటికి వచ్చి డ్రైవర్‌ను మళ్లీ అడగాలి, ఎన్ని ఫోన్లు మోగినా సరే.

భుజం తగ్గేదాకా బరువులెత్తొద్దు. ఆదివారం మధ్యాహ్నం మీకు వీలైతే కాగితం తీసుకుని ఆయన్ని ఒకసారి బెజవాడ రమ్మనండి. ఫోరమ్ మెసేజ్‌లో ఇంటి గుర్తు పంపిస్తాను. ఇద్దరం కూర్చుని రాద్దాం.